ఈ కుక్క ఎవరిది?

కుక్కకాటు సూది వేసే గది ముందు కాసేపు కూర్చుంటే ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రికి మా పిన్ని కొడుక్కి తోడుగా వెళ్ళిన రోజున, రెండు గంటల్లో ఆ ప్రశ్న ఏడెనిమిది సార్లు విన్నాను. "ఏ కుక్క? ఇంటిదా, ఈదిదా?" సిస్టరు చేతిలో రిజిస్టరు ఉంది. అందులో ఈ రెండు జవాబులకే చోటు.

మా ముందు ఒక ముసలావిడ మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంది. పిల్లాడి పిక్క మీద రెండు పళ్ళగాట్లు. సిస్టరు అదే ప్రశ్న వేసింది.

"ఈదిదేనమ్మా. మా ఈదిదే. సిన్నప్పట్నించీ మా గుమ్మంలోనే తొంగుంటాది. నానే కూడెడతాను."

"అయితే మీదేనా?"

"మాదెలగవుద్ది? ఊరిది కదేటి!"

సిస్టరు ఒక క్షణం ఆగి 'వీధి కుక్క' అని రాసుకుంది. ఆమె తప్పేం లేదు. వెనకాల ఇంకా పదిహేను మంది ఉన్నారు. కానీ ఆ ముసలావిడ చెప్పింది ఆ రెండు గడుల్లో ఏ ఒక్కదానికీ చెందలేదు. ఆ కుక్క ఆమెది కాదు. అలాగని ఎవరిదీ కాకుండానూ లేదు. ఆ తర్వాత చాలా రోజులు ఈ రెండు గడులు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని ఆలోచించాను. కుక్కని బాధ్యతగా పెంచడం గురించి ఇవాళ మనం మాట్లాడే మాటలన్నీ మొదటి గడిలోని కుక్క గురించే. మా జిల్లాల్లో ఎక్కువ కుక్కలు బతికేది ఆ రెండు గడుల మధ్యలో.

*

'ఊరకుక్క' అనే మాటని ఇప్పుడు తిట్టుగానే వాడుతున్నాం. మాటని విడదీసి చూస్తే అందులో తిట్టేమీ లేదు. ఊరచెరువు, ఊరపిచ్చుక, ఊరకుక్క. ఊరికి చెందిన చెరువు, ఊళ్ళో మసిలే పిచ్చుక, ఊరు తిండి పెట్టే కుక్క. నాగావళి, వంశధార ఒడ్డున పల్లెల్లో దానికి పనులుండేవి. కళ్ళంలో ధాన్యానికి రాత్రి కాపలా, గొర్రెల మందకి తోడు, ఉద్దానంలో జీడితోటకీ కొబ్బరితోటకీ కాపు. జీతం మిగిలిన కూడు. ఏ ఇంట్లో మిగిలితే ఆ ఇంటిది.

ఊరుమ్మడి అంటే ఎవరికీ పట్టనిది అనుకోకూడదు. ఊరచెరువుకి గట్టు వేసేవాళ్ళు, నీరు వదిలేవాళ్ళు, వంతులు చూసేవాళ్ళు ఉండేవారు. జంతువుల్లో ఇంకా మంచి ఉదాహరణ ఆంబోతు. కోడెదూడకి అచ్చువేసి దేవుడి పేరున ఊరికి వదిలేసేవారు. ఆ అచ్చు చూసి ఏ చేలో మేసినా దాన్ని ఎవరూ కొట్టేవారు కాదు. ఊళ్ళో ఆవుల చూలు దాని మీద ఆధారపడి ఉంది కాబట్టి ఊరంతా దాన్ని భరించింది. బాధ్యత లేకుండా తిరిగేవాణ్ణి 'అచ్చోసిన ఆంబోతు' అని తిడతాం గానీ, ఆ అచ్చు అసలు అర్థం దానికి పూర్తిగా తిరగబడింది. దీని భారం మనందరిదీ అని ఊరు చేసిన సంతకం అది.

మూడో ఏర్పాటు బందెలదొడ్డి. పరాయి చేలో పడిన గొడ్డుని తోలుకెళ్ళి దొడ్లో పెడితే, యజమాని వచ్చి రుసుము కట్టి విడిపించుకోవాలి. 1871లో పశువుల అక్రమ ప్రవేశ చట్టం వచ్చాక దీనికి సర్కారు ముద్ర కూడా పడింది. ఆ చట్టంలో పశువు అంటే ఏమేమిటో జాబితా ఉంది. ఏనుగు, ఒంటె, గేదె, గుర్రం, గాడిద, పంది, గొర్రె, మేక కూడా ఉన్నాయి. కుక్క లేదు. చేనుకి నష్టం చేసే జంతువుకి యజమానిని వెతికిన రాజ్యం, మనిషిని కరిచే జంతువు దగ్గరికి వచ్చేసరికి ఆ దారి తొక్కలేదు.

అంటే ఊరకుక్కకి చెరువుకున్నట్టు వంతులు లేవు, ఆంబోతుకున్నట్టు అచ్చు లేదు, ఆవుకున్నట్టు దొడ్డి లేదు. కూడు పెట్టే చేతులు ఎన్నో ఉన్నాయి. జవాబు చెప్పే నోరు ఒక్కటీ లేదు. పాత ఊరిని తలుచుకుని మురిసిపోయేవాళ్ళు (అప్పుడప్పుడూ నేనూ ఆ బాపతే) ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ ఊరే పిచ్చెక్కిందని అనుమానం వస్తే కర్రలతో కొట్టి చంపేది. ఆడపిల్లల్ని, అంటే ఆడ కుక్కపిల్లల్ని, గోనెలో కట్టి ఊరవతల వదిలేసేది. రెండో పని ఇప్పటికీ చేస్తోంది.

*

మొదటి గడి, అంటే 'పెంపుడు కుక్క' గడి, చట్టంలోంచి వచ్చింది. 1860లో రాసి 1862 నుంచి అమలు చేసిన భారత శిక్షాస్మృతిలో 289వ సెక్షను ఒకటుంది. తన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పు రాకుండా తగిన జాగ్రత్త తీసుకోనివాడికి 6 నెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ రోజుల్లో 1000 రూపాయలంటే చిన్న సంగతి కాదు. 2024 జులై నుంచి దీని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను వచ్చింది. జరిమానా 5000 దాకా పెరిగింది. అందులోనూ కీలకమైన మాట అదే, 'స్వాధీనంలో ఉన్న'. గుమ్మంలో పడుకునే కుక్క ముసలావిడ స్వాధీనంలో ఉన్నట్టా? ఆమెను అడిగితే నవ్వుతుంది.

స్వాధీనంలో లేని కుక్కని ఏం చేయాలన్నదానికి కుంపిణీ వాళ్ళు వెతుక్కున్న జవాబు చాలా తేలికైనది: చంపడం. బొంబాయిలో వీధి కుక్కని చంపినవాడికి తలకి 8 అణాలు ఇచ్చారు. డబ్బు ఆశ పడ్డాక వీధి కుక్కా ఇంటి కుక్కా అన్న తేడా ఎవరికి? ఇళ్ళల్లోంచి కూడా లాక్కుపోయి చంపుతున్నారని, కుక్కని పవిత్రంగా చూసే పార్శీలు 1832 జూన్‌లో తిరగబడ్డారు. బజారు మూసేశారు, కోటలోకి సరుకులు వెళ్ళకుండా అడ్డుకున్నారు. కుక్కల మీద ఈ దేశంలో జరిగిన మొదటి పెద్ద రాజకీయ గొడవ బహుశా అదే. అది కూడా 'ఈ కుక్క ఎవరిది' అన్న ప్రశ్న మీదే నడిచింది.

మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. విజయనగరం విశాఖపట్నం జిల్లాలో, శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో. ప్రెసిడెన్సీకి తలకాయ లాంటి మద్రాసులో కార్పొరేషను 1860 ప్రాంతం నుంచీ కుక్కల్ని పట్టి చంపుతూనే ఉందని, 1996 నాటికి ఆ లెక్క రోజుకి 135కి చేరిందని బ్లూక్రాస్ వాళ్ళు చెబుతారు. ఇంచుమించు 130 ఏళ్ళ పైమాట. కుక్కలు తగ్గలేదు. రేబిస్ పోలేదు. ఒక వీధి ఖాళీ అయితే అక్కడి చెత్తకుప్పల కోసం పక్క వీధి కుక్కలు వచ్చి చేరతాయి. మిగిలినవాటికి తిండి ఎక్కువ దొరికి ఎక్కువ పిల్లలు బతుకుతాయి. చంపినకొద్దీ ఖాళీ నిండుతూనే ఉంటుంది.

విచిత్రం ఏమిటంటే, ఇదే ఆంగ్లేయులు సొంత దేశంలో ఇంకో దారి కూడా పట్టారు. అక్కడా దిక్కులేని కుక్కల్ని చంపారు, నిజమే. కానీ 1897లో వ్యవసాయ మంత్రి వాల్టర్ లాంగ్ అసలు బరువు తీసుకెళ్ళి కుక్క గలవాళ్ళ నెత్తిన పెట్టాడు. రోగం ఉన్న ప్రాంతాల్లో ప్రతి కుక్కకీ మూతికి చిక్కం వేయాలి. బయటి దేశం నుంచి తెచ్చిన కుక్కని విడిగా ఉంచాలి. జనం ఆయన్ని తిట్టిపోశారు. 1902కల్లా రేబిస్ ఆ దీవిలో లేకుండా పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో ఎవరో దాటించిన కుక్కలతో మళ్ళీ వచ్చింది గానీ, 1922కి మళ్ళీ పోగొట్టారు. యజమానిని బాధ్యుణ్ణి చేస్తే రోగం ఎంత త్వరగా లొంగుతుందో తెలిసిన ప్రభుత్వమే, ఇక్కడ మాత్రం తలకింతని లెక్కగట్టి చంపించింది.

*

కరిచాక ఏం చేయాలన్నదానికి ఇంకో చరిత్ర ఉంది. అందులో మా ఊళ్ళు మరీ దూరంగా ఉంటాయి.

1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కి రేబిస్ టీకా వేయించాడు. పిల్లాడు బతికాడు. ఆ వైద్యం మన దేశానికి రావడానికి పదిహేనేళ్ళు పట్టింది. 1900లో హిమాలయాల్లోని కసౌలీలో, 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్లు తెరిచారు. 1907లో శ్రీకాకుళంలో ఒకణ్ణి పిచ్చికుక్క కరిచిందనుకోండి. బండి కట్టించుకుని ఆమదాలవలసలో రైలెక్కాలి. గోదావరి దాటి, కృష్ణ దాటి మద్రాసు. అక్కణ్ణుంచి మెట్టుపాలయం. అక్కడ పళ్ళపట్టా మీద పాకే కొండరైలెక్కి కూనూరు. అక్కడ రోజుల తరబడి సూదులు. ఇంత దూరం ఎవరు వెళ్ళగలరు? భూమీ డబ్బూ ఉన్నవాళ్ళు, దొరలు, వాళ్ళ ఉద్యోగులు. మిగిలినవాళ్ళకి ఆకు పసరు, మంత్రం, కాటు మీద కారం లేదా సున్నం. కాటు మీద కారం రాయకండి, సబ్బూ నీళ్ళతో 15 నిమిషాలు కడగండి అని డాక్టర్లు ఇవాళ్టికీ చెప్పాల్సి వస్తోందంటే, ఆ వందేళ్ళ దూరం ఇంకా పూర్తిగా తరగలేదన్నమాట.

1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడు నుంచి, వైరస్‌ని చంపి తీసే టీకా తయారు చేశాడు. దాన్ని సీసాల్లో పంపించవచ్చు కాబట్టి క్రమంగా జిల్లా ఆసుపత్రులకి చేరింది. మన అమ్మానాన్నలు భయంభయంగా చెప్పే 'బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు' ఇవే. కొందరికి ఆ టీకా వల్లే నరాల జబ్బు చేసేది. అయినా దాని తయారీని మన దేశం 2004 చివర్లో గానీ ఆపలేదు. ఇప్పుడు భుజానికి వేసే నాలుగైదు సూదులతో పని అయిపోతుంది.

ఈ కథలో నన్ను ఆపేది ఒక విషయం. 1885 నుంచి ఇప్పటిదాకా మనం పెట్టిన శ్రమంతా ఎక్కువగా కరిచాక మనిషికి వేసే సూది మీదే. కరవక ముందు కుక్కకి వేసే సూది మీద కాదు. జపాన్ దీనికి తిరగేసి చేసింది. 1950లో చట్టం తెచ్చి ప్రతి కుక్కనీ నమోదు చేయమంది, టీకా వేయించమంది. 1957 తర్వాత ఆ దేశంలోని కుక్కల్లో రేబిస్ లేదు. యుద్ధంలో ఓడి చితికిపోయిన దేశానికి ఏడేళ్ళు సరిపోయాయి. ఒక ప్రాంతంలో 100 కుక్కల్లో 70కి టీకా పడితే రోగం సాగే గొలుసు తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఊళ్ళో 100 కుక్కలుంటే 70. ఇదేం కొండని ఎత్తే పని కాదు.

*

స్వాతంత్ర్యం తర్వాత మాటలు మారాయి. రాజ్యసభ సభ్యురాలుగా ఉన్న నాట్యకారిణి రుక్మిణీదేవి అరండేల్ జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి ప్రైవేటు బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాట ఇచ్చాక వెనక్కి తీసుకున్నారు. అలా 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. అందులో 11వ సెక్షను ఇప్పుడు చదివినా ఆశ్చర్యంగా ఉంటుంది. పెంచుకునే జంతువుకి తిండీ నీళ్ళూ నీడా ఇవ్వకపోవడం నేరం. అదేపనిగా కట్టేసి ఉంచిన కుక్కని తిప్పకపోవడం నేరం. కారణం లేకుండా వదిలేయడం నేరం. కుక్కని ఎలా పెంచాలో 60 ఏళ్ళ క్రితమే రాసిపెట్టారు.

శిక్ష ఎంతో తెలుసా? మొదటిసారికి 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా జరిమానా. నేటికీ అంతే. కుక్కని ఊరవతల వదిలేయడానికి ఆటోకి అంతకన్నా ఎక్కువే అవుతుంది.

2001లో జంతు జనన నియంత్రణ నిబంధనలు వచ్చాయి. చంపడం ఆపి, ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమన్నాయి. వాటిలోనే కుక్కల్ని రెండుగా విడదీశారు: పెంపుడు కుక్కలు, వీధి కుక్కలు. ఆసుపత్రి రిజిస్టరులో నేను చూసిన గడులకి ఇవే చుట్టాలు. మొదటివాటి టీకా, ఆపరేషను, లైసెన్సు యజమాని పని. రెండోవాటి భారం మునిసిపాలిటీ లాంటి స్థానిక సంస్థలది. 2023లో ఆ నిబంధనల్ని తిరగరాసినప్పుడు ఒక చిన్న మార్పు జరిగింది. ఎవరూ మాదని చెప్పుకోని, అక్కడే పుట్టి పెరిగిన జంతువుని 'సముదాయ జంతువు' అన్నారు. ఢిల్లీలో కూర్చుని ఇంగ్లీషులో ఎంతో ఆలోచించి చివరికి వాళ్ళు చేరిన మాట మన 'ఊరకుక్క'. ఆపరేషను అయిన కుక్కకి గుర్తుగా చెవి కొసన కత్తిరిస్తారు. నాకది ఆంబోతు అచ్చులాగే కనిపిస్తుంది. దాన్ని చూలు కోసం వదిలారు, దీన్ని చూలు ఆపి వదిలారు. దీని భారం మనందరిదీ అని చెప్పడంలో మాత్రం రెండూ ఒకటే.

కాకపోతే ఆంబోతు విషయంలో ఊరికి ఆ సంగతి తెలుసు. చెవి కత్తిరించిన కుక్కని చూసి మనకేమీ అనిపించదు.

*

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబుని కుక్కలు చంపేసిన వీడియో చూశాక, చాలామంది మిత్రులు 'ఇంక చంపడమే' అన్నారు. కన్నవాళ్ళ బాధ ముందు నిబంధనలు వల్లించడం నాకూ చేతకాదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. 22న దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప, మిగిలినవాటిని టీకా వేసి పట్టిన చోటే వదలమంది. దేశమంతా రెండు జట్లుగా చీలి కొట్లాడుకుంది. ఆ గొడవలో ఒక ప్రశ్న ఎవరూ పెద్దగా అడగలేదు. అసలీ కుక్కలు వీధిలోకి ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?

మా వైపు జవాబు కష్టం కాదు. ఇంట్లో పెంచేది మగపిల్లనే. ఆడపిల్ల ఈనుతుందని సంచీలో వేసి సంత దగ్గరో చేపల బజారు దగ్గరో వదిలేస్తారు. అక్కడ తిండి దొరుకుతుంది, అది బతుకుతుంది, ఈనుతుంది. ఇంకో కారణం వలస. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇంటికి తాళం వేసి హైదరాబాదుకో, మద్రాసుకో, విశాఖకో పనికి వెళ్ళడం పాత కథ. బియ్యం బస్తా బస్సెక్కుతుంది, పిల్లలు ఎక్కుతారు, కుక్క బస్టాండు దాకా వచ్చి ఆగిపోతుంది. దాన్ని ఎవరూ 'వదిలేశారు' అనరు. ఊళ్ళోనే ఉంది కదా అంటారు. టౌన్లలో ఇప్పుడు మూడోది చేరింది. చలిదేశపు బొచ్చుకుక్కని సరదాకి కొని, మే నెల ఎండలో అది రొప్పుతుంటే చూడలేక, వైద్యం ఖర్చు భరించలేక వదిలేసేవాళ్ళు.

ఈ మూడింటిలో ఏదీ మునిసిపాలిటీ వ్యాను తీర్చగలిగేది కాదు. ప్రతిదీ ఒక గుమ్మం దగ్గర మొదలైంది.

మన దేశంలో ఏటా 57 వందల మందికి పైగా రేబిస్‌తో పోతున్నారని ఇటీవలి ఒక పెద్ద సర్వే అంచనా. అంతకుముందు 18 వేల నుంచి 20 వేలు అనేవారు. తగ్గింది, సంతోషమే. కానీ లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకని జబ్బు ఇది, అదే సమయంలో టీకాతో దాదాపు పూర్తిగా ఆపగలిగిన జబ్బు కూడా. 2030కల్లా కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ని లేకుండా చేస్తామని 2021లో కేంద్రం ప్రణాళిక ప్రకటించింది. ఆ లెక్క తేలేది మా ముసలావిడ గుమ్మంలో.

అందుకే బాధ్యత అనే మాటని స్వాధీనం నుంచి విడదీయాలంటాను. ఇది మనకి కొత్త కాదు. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క ఆయన పెంచింది కాదు, దారిలో వెంటబడింది. నన్ను నమ్మి వచ్చినదాన్ని వదిలి స్వర్గానికి రానన్నాడే గానీ, అది నాదని అనలేదు. అంతదూరం ఎందుకు, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి వెళ్ళండి. ఏటా వానలతో వచ్చే నత్తగుల్ల కొంగలు ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కడతాయి. పెరడంతా రెట్టలు, కంపు. అయినా ఆ ఊరివాళ్ళు వాటిని కొట్టనివ్వరు. ఆ కొంగలు ఎవరివని అడిగితే ఊరివే అంటారు. అక్కడ ఆ మాటకి అర్థం 'మాకేం సంబంధం లేదు' అని కాదు, దానికి పూర్తిగా ఎదురు అర్థం.

కుక్క విషయంలో ఆ మాటకి అలాంటి అర్థం రావాలంటే చేయాల్సినవి కొన్నే. కూడు పెట్టే చెయ్యే ఏడాదికోసారి సూది కూడా వేయించాలి. పశువైద్యశాలల్లో జులై 6న, పాశ్చర్ మొదటి టీకా వేయించిన రోజున, ఉచితంగా వేసే శిబిరాలు పెడుతుంటారు. ఆడపిల్లని సంచీలో వేసే బదులు ఆపరేషనుకి తీసుకెళ్ళాలి. ఊరెళ్ళేటప్పుడు ఇంటి తాళంచెవి ఒకరికి అప్పగించినట్టే కుక్కనీ ఒకరికి అప్పగించాలి. గొలుసుతో కట్టేస్తే రోజూ తిప్పాలి. ఆసుపత్రి రిజిస్టరులో మూడో గడి కావాలి: 'తెలిసిన కుక్క'. కరిచిన కుక్కని 10 రోజులు గమనించమంటారు డాక్టర్లు. అది బతికే ఉంటే కాటు నాటికి దానికి రేబిస్ అంటించే దశ లేనట్టే. సూదులు వెంటనే మొదలుపెట్టాల్సిందే, ఈ గమనింపు వాటికి తోడు. 'వీధి కుక్క' అని రాసుకున్నదాన్ని ఎవరూ గమనించరు. గుమ్మంలో పడుకునేదాన్ని గమనించవచ్చు.

ఆ రోజు బయటికొచ్చాక ముసలావిడ వేపచెట్టు కింద కనిపించింది. మనవడు సూది నొప్పికి ఇంకా వెక్కుతున్నాడు. "అవ్వా, ఆ కుక్కకి సూది వేయించారా ఎప్పుడైనా?" అని అడిగాను.

"కుక్కక్కూడా సూదేటి బాబూ?" అని నవ్వింది. తర్వాత కాసేపు ఏదో ఆలోచించి, "ఎక్కడేస్తారు?" అంది.

పశువుల ఆసుపత్రి ఎటో చెప్పాను. దాన్ని అంతదూరం ఎలా తీసుకురావాలో ఆమెకి తెలీదు. నిజానికి నాకూ తెలీదు. ఆటో ఎక్కేముందు మాత్రం సూదులేసేవాళ్ళు ఏ వారం ఉంటారో మరోసారి అడిగి తెలుసుకుంది.